ఎదుట ఒక ముఖం

ఈ బడి ఆఫీసు గది సోఫాలో స్పాంజి చచ్చిపోయి చాలా కాలమైంది. కూర్చోగానే తెలిసింది, నా బరువంతా కింద చెక్క మీదే పడుతోంది, పైన రెక్సిన్ మాత్రం కొత్తది, మెరుస్తోంది, లోపల కుళ్లి పైన మెరవడం ఈ కాలపు బడులకి అలవాటే కదా అనుకున్నాను గానీ ఆ వెక్కిరింత కూడా నోట్లోనే ఎండిపోయింది. సోఫాలు కుట్టి బతికేవాడిని, ఎక్కడ కూర్చున్నా ముందు వేలితో కుట్టు తడుముతాను, ఇప్పుడూ తడుముతున్నాను. మా ఆవిడ ఇప్పుడే ఆ వరండా చివర మలుపు తిరిగి వెళ్లిపోయింది. వెనక్కి చూస్తుందేమోనని మెడ సాచి కూర్చున్నాను, చూడలేదు. ప్రిన్సిపాల్ మేడం ముందు, తను వెనక, చెప్పుల చప్పుడు కాసేపు వినబడి ఆగిపోయింది, ఎక్కడో తలుపు తెరుచుకుంది, పిల్లల గోల ఒక్కసారి బయటికి దూకి మళ్లీ మూతపడింది. ఆరో తరగతి. లెక్కలు. భిన్నాలు. ఒక పీరియడు డెమో క్లాసు, వెనక బెంచీలో ప్రిన్సిపాల్ కూర్చుని చూస్తుంది, నచ్చితే ఉద్యోగం, నచ్చకపోతే నమస్కారం. పోయినసారి ఇంకో బడిలో నమస్కారమే దక్కింది. ఈసారీ అదే అయితే సోమవారం నుంచి తన తమ్ముడు చూసిపెట్టిన ఆఫీసులో చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని ఫోన్లు ఎత్తుతానని, ఇక ఈ జన్మకి సుద్దముక్క ముట్టనని నిన్న వంకాయలు తరుగుతూ చెప్పింది. చెప్పి, మీకేం అభ్యంతరం లేదుగా అని నన్నడిగి, నేను నోరు తెరిచేలోపు, లేదు కదా, మంచిది, అని తనే జవాబు చెప్పేసుకుంది. నా భయం ఉద్యోగం గురించి కాదు. ఆ జవాబు గురించి.

ఇంట్లో ఇప్పుడన్నీ అలాగే. తలనొప్పి తగ్గిందా అని అడుగుతుంది, చిన్న ఖాళీ ఇస్తుంది, తగ్గిందిలే, మంచిది అంటుంది. ఇంకా తగ్గలేదని చెప్పడానికి నేను తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోతుంది, వంటింట్లో తను గిన్నెలు సర్దుకుంటూ ఉంటుంది. మొదట్లో నవ్వుకున్నాను. అడిగేదీ తనే, చెప్పేదీ తనే, నాకు నోటి శ్రమ తప్పిందని బావమరిదితో అన్నాను కూడా. వాడు పగలబడి నవ్వాడు. తర్వాత ఒకరోజు కావాలనే, ఊపిరాడటం లేదే నాకు అన్నాను, మామూలు గొంతుతోనే, చూద్దామని. షాపు నుంచి వచ్చారా అని అప్పుడే అడిగి ఉంది, దానికి తనిచ్చిన ఖాళీలోనే ఈ మాట అన్నాను. వచ్చారుగా, మంచిది, అని కుర్చీ మీది తువ్వాలు తీసి దండెం మీద వేసింది. ఆ రోజు నుంచి నాకు నవ్వు రావడం లేదు. మనిషి ఎదురుగానే ఉంటుంది, కళ్లలోకి చూసే మాట్లాడుతుంది, కోపం లేదు, విసుగు లేదు, కానీ మన మాట అటు వెళ్లే దారిలోనే ఎక్కడో తలుపు మూసి ఉంది. అది ఇవాళ ఆ క్లాసులో తెరుచుకోకపోతే ఇంకెక్కడా తెరుచుకోదని ఎందుకో నాకు బలంగా అనిపిస్తోంది. అలా అనుకోవడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు.

బడి వాసన ఏ బడికైనా ఒకటే. సుద్దపొడి, తడిగుడ్డ పెట్టిన నేల, మూత సరిగ్గా పెట్టని నీళ్ల సీసాలు, ఎవరి సంచిలోనో మగ్గుతున్న నిన్నటి డబ్బా. ఏడో తరగతి మధ్యలో మానేసినవాడిని నేను. ఇన్నేళ్లయినా ఈ వాసన తగిలితే ఎవరో పేరు పెట్టి పిలిచి నిలబడమంటారేమోనని వీపు దానంతటదే నిటారవుతుంది. చదివిన ఆ కాస్త చదువులోనూ సగం క్లాసు బయట వరండాలో నిలబడే చదివాను, అందుకే ఆ వరండా వైపు చూడాలంటేనే కాళ్లు చల్లబడుతున్నాయి. అలాంటివాడు పోయి పోయి టీచరుని చేసుకున్నాడని మావాళ్లు ఇప్పటికీ ఆటపట్టిస్తారు, హోంవర్కు చేస్తేనే భోజనం పెడుతుందా అని. పెట్టేది, బాగానే పెట్టేది, పెడుతూ ఆ రోజు క్లాసులో ఎవడేం అన్నాడో చెప్పేది. ఒకడు సున్నాకి నొప్పి పుట్టదా టీచర్, అందరూ దాన్నే కొట్టేస్తారు అన్నాడట. అది చెప్పి చెప్పి నవ్వేది. పిల్లలు ఏం అంటారో వినడానికే ఈ ఉద్యోగమండీ, లెక్కలు పుస్తకంలోనే ఉన్నాయి, వాటికి నేనెందుకు అనేది. ఆ మనిషి ఏమైందని నేను ఎవరిని అడగాలి. ఆఫీసు గది మూల కాలితో నొక్కే శానిటైజర్ స్టాండు ఇంకా ఉంది, సీసా ఖాళీ, పెడల్ మీద దుమ్ము. తీసేయడానికి ఎవరికీ చేతులు రాలేదేమో. దాన్ని చూస్తుంటే ముక్కులో ఆ ఘాటు మళ్లీ తగులుతోంది.

ఆ లాక్‌డౌన్‌లో నా షాపు షట్టర్ దించి ఉంది, లోపల ఎవరిదో సగం విప్పిన సోఫా ఎముకల గూడులా ఉండిపోయింది, వీధిలో అంబులెన్సు తప్ప చక్రమున్నదేదీ తిరగడం లేదు. మా ఆవిడ బడి ఫోన్లోకి వచ్చింది. ఫోన్‌ని భోజనాల బల్ల మీద బియ్యం డబ్బాకి ఆనించి, కొంగు సర్దుకుని, గుడ్ మార్నింగ్ పిల్లలూ అంది, ఫోన్ నిండా నల్లటి గళ్లు, గడికొక పేరు, ఒక్క ముఖం లేదు. నెట్ సరిపోదని కెమెరాలు ఆపేయమని బడివాళ్లే చెప్పారు. కాసేపు చెప్పి ఆపేసింది. బావిలోకి మాట్లాడినట్టుందండీ, నా వల్ల కాదు అంది. తర్వాత అటూ ఇటూ చూసి, మీరిలా ఎదురుగా కూర్చోండి, ఏం చేయక్కర్లేదు, ముఖం కనబడితే చాలు అంది. ఏ ముఖం పెట్టుకుని కూర్చోమంటావే, ఏడో తరగతి మానేసిన ముఖం ఇది అన్నాను. అదే కావాలి, మీకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే అంది. అలా ఫోన్ వెనకాల కుర్చీ వేసుకుని కూర్చున్నాను, ఫోన్ కంటికి నేను కనబడను, తన కంటికి నేనొక్కడినే కనబడతాను. తను పలకమీద గీసి చూపించేది, నేను తలాడించేవాడిని. నా ముఖం ఎక్కడ ముడుచుకుంటే అక్కడ పాఠం వెనక్కొచ్చి మళ్లీ మొదలయ్యేది. బావమరిది వచ్చి గుమ్మంలో నిలబడి చూసి, ఎప్పుడో క్లాసు ఎగ్గొట్టిన పాపానికి ఇప్పుడు అందరి హాజరూ నువ్వే వేయించుకుంటున్నావు బావా అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ కుర్చీలో నాకు బాగుండేది. బయట మనుషులు పోతున్నారు, రోజూ ఎవరిదో ఒకరి కబురు వినబడేది, లోపల నేను గ.సా.భా. లెక్కలు నేర్చుకుంటున్నాను. దశాంశాలు మాత్రం ఎక్కలేదు, ఇప్పటికీ ఎక్కలేదు.

గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయన తాళాల గుత్తి ఆడించుకుంటూ వచ్చి ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. ఎవరి తాలూకా అని అడిగాడు. లోపల డెమో ఇస్తున్న టీచర్ తాలూకా అన్నాను. ఏ క్లాసని అడిగితే చెప్పాను. ఆ క్లాసా అని తల పంకించాడు, ఆ పంకించడంలో సానుభూతి ఉంది. పోయినవారం ఒకాయన వచ్చాడట, మంచి పొడగరి, గొంతున్న మనిషి, పీరియడు సగంలో మంచినీళ్లు తాగొస్తానని బయటికొచ్చాడట.

“ఇంకా తాగుతూనే ఉన్నాడు బాబూ,” అన్నాడు పెద్దాయన. “సంచి కూడా ఇక్కడే ఉంది.”

నవ్వాలని చూశాను, మూతి కదల్లేదు. ఆయన తప్పు లేదు, రోజంతా గేటు తీయడం మూయడం చేసేవాడికి ఒక నవ్వే కదా మిగిలేది. పిల్లలు రెండేళ్లు ఇళ్లలో ఉండి వచ్చారు కదా, కూర్చోవడమే మరిచిపోయారు, అడిగిందానికి చెప్పరు, అడగనిదానికి ఆగరు అని ఏదో చెబుతున్నాడు. నేను వింటున్నట్టు తలాడిస్తున్నాను. తలాడించడం నాకు బాగా అలవాటైన పని. చెవి మాత్రం వరండా చివరనే ఉంది. ఏమీ వినబడటం లేదు. ఏమీ వినబడకపోవడం మంచిదా చెడ్డదా. భాగహారం రోజు కూడా ఇలాగే ఏమీ వినబడలేదు, ముందు.

ఆ రోజు తను భాగహారం చెబుతోంది, నేను ఎదురుగా ఉన్నాను, ఎండ బల్ల అంచుదాకా వచ్చింది. ఉన్నట్టుండి ఒక నల్ల గడిలోంచి ఏడుపు. పిల్లల ఏడుపు కాదు. ఒక ఆడమనిషి ఏడుస్తోంది, వెనక మగ గొంతు ఎవరిదో లేపండి, పైకి లేపండి అంటోంది, ఇనుప వస్తువేదో నేల మీద దొర్లింది. ఆ ఇంట్లో ఎవరి చెయ్యో తగిలి మైకు తెరుచుకున్నట్టుంది. మిగతా గళ్లన్నీ నల్లగా, కదలకుండా, వింటున్నాయి. పాఠం మధ్యలో ఎవరింట్లో చప్పుడైనా ఆ మైకు మూసేసి ముందుకు సాగాలని బడివాళ్లు నియమం పెట్టారు, కుక్క మొరిగినా, కుక్కర్ కూసినా, అన్నదమ్ములు కొట్టుకున్నా అంతే, రోజంతా నొక్కి నొక్కి అలవాటైన వేలు. ఆ వేలు వెళ్లి నొక్కేసింది. ఏడుపు కత్తిరించినట్టు ఆగిపోయింది. మా ఆవిడ నన్ను చూసింది, నేను తనని చూశాను. తర్వాత తను, శేషం ఎంత వచ్చింది పిల్లలూ అని అడిగి, కాసేపు ఆగి, ఆ, రెండు, కరెక్ట్, మంచిది అంది. అదే మొదటిసారి. క్లాసవగానే ఆ ఇంటికి ఫోన్ చేసింది, మోగింది, మోగింది, మరునాడు స్విచ్చాఫ్. ఆ గడి మళ్లీ రాలేదు. ఆ ఇంట్లో ఎవరు పడిపోయారో, లేచారో లేదో, ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారని తప్ప బడివాళ్లకీ ఏమీ తెలియదు. వేలు దానంతటదే వెళ్లిందండీ అని ఒక్కసారి అంది నాతో. ఒక్కసారే. ఆ తర్వాత నుంచి ఎవరినైనా ఏదైనా అడిగితే అటు నుంచి ఏం వినపడుతుందోనని తను జవాబు రాకముందే దారి మూసేస్తోందని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. చదువుకున్నవాడినైతే ముందే అర్థమయ్యేదేమో. అయినా ఆ నియమం పెట్టింది చదువుకున్నవాళ్లే.

పెద్దాయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. అదిగో, నవ్వు. వరండా చివర నుంచి, చాలామంది కలిసి నవ్విన నవ్వు. నా చెయ్యి సోఫా కుట్టులోకి దిగబడింది, దారం పుటుక్కుమంది. ఏ నవ్వది. నవ్వుల్లో రకాలుంటాయి, పోయినసారి డెమోలో విన్నాను ఒక రకం, అక్కడ క్లాసు పక్కనే కూర్చోనిచ్చారు, తలుపు కూడా తీసే ఉంది. అప్పటికి తను రెండు మూడు పనులు మారి ఉంది. తన పాత బడి అప్పుల్లో పడి మూతపడింది, తను ఇన్నేళ్లు పాఠం చెప్పిన గదుల్లో ఇప్పుడు అట్టపెట్టెలు ఉన్నాయి, ఎవరో గోదాం చేసుకున్నారు, నల్లబల్ల మీద సరుకు లెక్కలు రాసుకుంటున్నారని చూసొచ్చి చెప్పింది. తర్వాత బావమరిది పుణ్యమా అని ఫోన్లో పాఠాలు అమ్మే కంపెనీలో చేరింది. మొదట తల్లిదండ్రులకి ఫోన్లు చేసి, మీ పాప వెనకబడిపోతోందండీ అని భయపెట్టే పని. చూడని పాప వెనకబడిందని ఎలా చెప్పాలి అనుకోకక్కా, అందరూ వెనకబడే ఉన్నారు, అబద్ధం కాదు అని తమ్ముడే ధైర్యం చెప్పాడు. భయంతో బతుకుతున్న మనిషికి భయం అమ్మే ఉద్యోగం. తర్వాత పాఠాలు రికార్డు చేసే పనికి మార్చారు, వీడియోలో వెనక బొమ్మలు పెట్టుకోవడానికి మా పడగ్గది గోడకి పచ్చగుడ్డ కట్టాలన్నారు, నేనే కుట్టాను, ముడత పడకుండా అంచుల్లో కర్రలు తొడిగి. అక్కడ వాళ్లు రాసిచ్చిందే చదవాలి. ప్రశ్న అడగాలి, కాస్త ఆగాలి, సరిగ్గా చెప్పారు, శభాష్ అనాలి. చూసేవాడు చెప్పాడో లేదో, అసలు ఉన్నాడో లేదో, శభాష్ మాత్రం ఖాయం. కెమెరా వెనక మళ్లీ నేనే. తలాడిస్తూ. తనకి వచ్చిన జబ్బుకి సరిగ్గా సరిపోయే ఉద్యోగం దొరికిందని నాకు అప్పుడు తెలియదు, బాగా కుదురుకుందని సంతోషించాను. చేసింది, చేసింది, పిల్లలు బడులకి వెళ్లిపోయాక కంపెనీవాళ్లు ఒక సాయంత్రం లాగిన్ పనిచేయకుండా చేసేశారు. పచ్చగుడ్డ ఇప్పుడు మా పాత బీరువా మీద దుమ్ము పడకుండా కప్పి ఉంది.

ఆ డెమోలో తను బాగానే మొదలుపెట్టింది, బొమ్మ బాగా గీసింది, ఇందులో ఎన్నో వంతు ఎర్రగా ఉందో ఎవరు చెప్తారు అని అడిగింది. ఒక పిల్లవాడు చెయ్యెత్తాడు, ఇంకో ముగ్గురు ఎత్తారు, టీచర్ టీచర్ అంటున్నారు. తను వాళ్ల వైపే చూస్తోంది. చూస్తూ, సరిగ్గా చెప్పారు, శభాష్ అంది. ఇంకా ఎవరూ చెప్పలేదు. ఒక క్షణం అందరూ తెల్లబోయారు, తర్వాత నవ్వారు. పిల్లలు కదా, నవ్వుతారు. తను ఆ నవ్వు మధ్యలో తర్వాతి ప్రశ్న అడిగి మళ్లీ శభాష్ అంది. మూడోసారికి వాళ్లే ముందుగా, అందరూ ఒక్క గొంతుతో, శభాష్ అని అరిచారు. తను గుమ్మం అవతల నా ముఖం వెతికింది, దొరికించుకుంది, ఇక పీరియడంతా నాకే చెప్పింది, వెనక పిల్లలు బల్లలు కొడుతున్నా సరే, నాకే, మెల్లగా, చక్కగా. నేను ఏం చేయను. తలాడించాను. దారిలో బండి మీద వెనక కూర్చుని, బాగానే జరిగింది కదండీ అని అడిగింది. జవాబు తనే చెప్పేసుకుంది.

ఇవాళ అందుకే నేనూ ఎదురు చెప్పకుండా ఇక్కడ, ఇంత దూరంగా కూర్చున్నాను. ఆఫీసు గదిలోనే ఉండమని ప్రిన్సిపాల్ అన్నప్పుడు మా ఆవిడ ముఖం పాలిపోయింది. తను బతిమాలుతుందేమో అనుకున్నాను, బతిమాలలేదు. ఇప్పుడు అక్కడ ఎవరి ముఖం చూసి చెబుతోందో. ప్రిన్సిపాల్ ముఖమా, వెనక గోడా. గోడకైతే తలాడించడం రాదు. ఒకవేళ, ఒకవేళ అంటున్నాను, ఆ పిల్లల ముఖాలే చూస్తూ ఉంటే, వాళ్లే చాలు అనిపిస్తే, రేపటి నుంచి భోజనాల బల్ల దగ్గర నా ఎదురు కుర్చీ ఎందుకు. దశాంశాలు ఇంకా రాలేదు నాకు. చూడు, మనిషి ఎంత నీచుడో, పెళ్లాం బాగుపడుతుందేమోనని కూడా భయపడుతున్నాడు. నవ్వు మళ్లీ వచ్చింది, ఈసారి పెద్దగా, తర్వాత ఏదో కిందపడ్డ చప్పుడు, తర్వాత ఏమీ లేదు. అసలేమీ లేదు. గోల చేసే క్లాసు ఒక్కసారిగా ఎందుకు ఆగిపోతుంది. ఎవరైనా పడిపోతే ఆగుతుంది.

లేచాను. కూర్చోండి బాబూ, అటు వెళ్లకూడదు అన్నాడు పెద్దాయన. వరండాలో అడుగుపెట్టగానే నేల చల్లగా చెప్పుల్లోంచి పైకి పాకింది, గోడకి వరసగా పిల్లల సంచులు, ఒకదాని జిప్పు ఊడి వేలాడుతోంది, మామూలుగా అయితే అక్కడే ఆగి చూసేవాడిని. ఏడో తరగతి మానేసినవాడు నడుస్తున్నట్టు నడుస్తున్నాను, గోడవారగా, ఎవరైనా నిలబెడతారేమోనని. ఒక గదిలో ఎవరో అప్పజెబుతున్నారు, ఇంకో గది ఖాళీ, ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. చివరి గది కిటికీ తీసి ఉంది. చూశాను. తను పడిపోలేదు. బల్ల పక్కన నిలబడి ఉంది, సుద్దముక్క కింద పడి రెండు ముక్కలై ఉంది, స్కేలు కూడా పడి ఉంది, నల్లబల్ల మీద గుండ్రం గీసి ముక్కలు చేసి ఉంది. పిల్లలంతా ముందుకు వంగి తననే చూస్తున్నారు. ఎవరినో ఏదో అడిగింది, అడిగి ఆగింది, ఆ ఆగడంలోకి నేనొచ్చిపడ్డాను. తల తిప్పింది. నన్ను చూసింది.

ఆ చూపు నాకు బాగా తెలుసు. భోజనాల బల్ల దగ్గర, పచ్చగుడ్డ ముందు, పోయినసారి గుమ్మంలో. మునిగిపోతున్నవాడికి గట్టు కనబడ్డ చూపు. తన భుజాలు దిగాయి, పెదవులు కదిలాయి, ఆ జవాబు, ఆ తయారుగా ఉన్న జవాబు, గొంతులోంచి పైకి వస్తోంది, నాకు కనబడుతోంది, ఇంకొక్క క్షణం నేనక్కడ నిలబడి అలవాటుగా తలాడిస్తే చాలు వచ్చేస్తుంది. నా మెడ కదలబోయింది. దానంతటదే కదలబోయింది. నేను కిందికి కూర్చుండిపోయాను. అలా కూర్చోవాలని ఆలోచించి కూర్చోలేదు, దబ్బున పడ్డాను, వీపు గోడకి, నెత్తి మీద కిటికీ. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. నేను పోగానే తన కాళ్ల కింద ఏమీ లేదని నాకు తెలుసు, నేనే తీసేశాను, ఇప్పుడు తను ఏం పట్టుకుంటుంది. ఒక కుర్చీ కిర్రుమంది, ప్రిన్సిపాల్ లేస్తోందా. తన ఊపిరి వినబడుతోంది, లేక నాదేనా. ఎంతసేపు. ఆ ఖాళీ రోజూ తనిచ్చే ఖాళీ కంటే పెద్దదైంది, ఇంకా పెద్దదైంది, శభాష్ వచ్చేయాల్సిన చోటు దాటిపోయింది, రాలేదు. దేవుడా, ఏదో ఒకటి అను. ఎవరైనా ఏదో ఒకటి అనండి.

“పావు,” అంది ఒక చిన్న గొంతు. ఆడపిల్లది.

“పావు ఎలా అయింది?” అంది మా ఆవిడ. గొంతు పగిలిపోయి ఉంది, తనది కాదేమో అన్నట్టుంది. “లేచి చెప్పు.”

ఆ పిల్ల ఏం చెప్పిందో నాకు సరిగ్గా వినబడలేదు. ఇంకెవడో, కాదు టీచర్, తప్పు టీచర్ అన్నాడు. కాదంటే ఎందుకు కాదో నువ్వు చెప్పు, అరవకు అంది తను. ఆ అరవకు అన్న మాటలో కోపం ఉంది. నిజం కోపం. ఇంట్లో నా మీద కూడా కోప్పడి ఎన్ని నెలలైందో అని గోడకి ఆనుకుని లెక్కపెట్టుకోబోయి, వదిలేశాను. వాళ్లు కొట్లాడుకుంటున్నారు, మధ్యలో తను ఆపుతోంది, ఒక్కొక్కసారి ఆపలేకపోతోంది, ఒకచోట జవాబు రాకముందే మంచిది అనేసింది, పిల్లలు కిసుక్కుమన్నారు. ఆగింది. మళ్లీ అడిగింది. ప్రతి ఖాళీలోనూ ఆ నల్ల గడి తెరుచుకుని అవతలి నుంచి ఏదైనా రావచ్చని నాకే భయం పట్టుకుంది, తనకెలా ఉందో. ఇన్నాళ్లూ తను ఈ భయంలోనే నిలబడి నన్ను తలనొప్పి తగ్గిందా అని అడిగేదా. పెద్దాయన వరండా చివర నిలబడి రమ్మని సైగ చేస్తున్నాడు. లేవలేను అని సైగ చేశాను. నిజంగానే లేవలేను.

గంట కొట్టారు. పిల్లలు బిలబిలమంటూ నా మీదుగానే దూకి పోయారు, ఒకడు నన్ను తొక్కి సారీ అంకుల్ అని ఆగకుండా పరుగెత్తాడు. ప్రిన్సిపాల్ బయటికి వచ్చి, నేల మీద కూర్చున్న నన్ను చూసి, మిమ్మల్ని ఆఫీసులో కదా ఉండమన్నాను అంది. అవునండీ అన్నాను. ఆవిడ ముఖంలోకి చూశాను, ఉద్యోగం ఉందనీ లేదనీ ఏమీ రాసిలేదు అక్కడ, తర్వాత మాట్లాడతానని మీ ఆవిడతో చెప్పాను అని వెళ్లిపోయింది. గోడ పట్టుకుని లేచాను. మోకాలు దెబ్బతిన్నట్టుంది. గుమ్మంలో నిలబడి, పదవే వెళ్దాం, సామానంతా తెచ్చుకో అన్నాను. గది ఖాళీ అయిపోయింది, బల్లలు వంకరటింకరగా ఉన్నాయి. ఒక పిల్ల మాత్రం నల్లబల్ల ముందు నిలబడి ఉంది, రెండు జడలు, ఒకటి ఊడిపోయింది, వేలితో ఆ గుండ్రాన్ని చూపిస్తోంది.

“ఆగండి,” అంది మా ఆవిడ, నా వైపు చూడకుండానే చెయ్యెత్తి. “ఈ పిల్ల ఏదో చెప్తోంది.”

తన ముఖం పక్కనుంచి కనబడుతోంది, భయం పోలేదు, దవడ బిగించి ఉంది, ఇప్పుడే ఎక్కడో ఏదో విరగబోతుందని చెవి ఒగ్గి నిలబడ్డ మనిషిలా ఉంది. ఆ పిల్ల, మీరు గీసిన ముక్కలన్నీ ఒకేలా లేవు టీచర్, ఇది పెద్దది, మరి దీన్ని తీసుకుంటే అని మొదలుపెట్టి, ఆగి, జడ నోట్లో పెట్టుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. మరి దీన్ని తీసుకుంటే, తీసుకుంటే అని అక్కడే తిరుగుతోంది, మాట దొరకడం లేదు. మా ఆవిడ నోరు తెరిచింది. నేను గుమ్మం గట్టిగా పట్టుకున్నాను. నోరు మూసుకుంది. పిల్ల పైకి చూసింది, కిందికి చూసింది, వేళ్లు ముడిచింది, తెరిచింది. ఆ మాట కోసం ఆ పిల్ల తడుముకుంటున్నంతసేపూ మా ఆవిడ అక్కడే నిలబడింది. అందించలేదు.